తాత ఇచ్చిన జవాబులు

మదనపల్లెలో మా ఆఫీసు ఒక ఎరువుల దుకాణం పైఅంతస్తులో ఉంటుంది. రైతుల దగ్గర కూరగాయలు కొని బెంగుళూరుకూ చెన్నైకీ పంపే కంపెనీ. నేను అక్కడ లెక్కలు చూసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం, అందరం క్యారియర్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాక, మా మేనేజరమ్మ ఫోన్లు తీయమంది. వయసులో నా కూతురంత ఉంటుంది. పలమనేరు పిల్ల, మాట చురుకు.

"అందరికీ ఒక లింకు పంపినాను, చూడండి. మీరు ఎట్లాంటి మనుషులో మీరే చెప్పుకునే పరీక్ష. దీంట్లో రైటూ లేదు, తప్పూ లేదు. రేపటికల్లా పూర్తి చేయండి."

"పాసయితే ఏమిస్తారు మేడం?" అన్నాడు లోడింగు చూసే అతను.

"నువ్వెవరో నీకు తెలుస్తాది. చాల్దా?"

"అది మా ఇంట్లో రోజూ పొద్దన్నే చెప్తానే ఉండారు మేడం."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. రామకుప్పం దగ్గర కొత్తగా కొనుగోలు కేంద్రం తెరవబోతున్నారనీ, దాని ఇన్‌చార్జిని ఈ పరీక్ష చూసి ఎంచుతారనీ నాకు తెలుసు. ఆ పని నాకు కావాలి. ఎందుకు కావాలో చెప్పాలంటే నేనెవరినో చెప్పాలి.

పుంగనూరు దగ్గర ఒక ఊళ్ళో మాది పెద్దిల్లు. ఇప్పుడు ఆ ఇల్లు మా చేతిలో లేకపోయినా ఊళ్ళో మమ్మల్ని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. మా తాత కాలంలో ఆ ఇంటి అరుగు మీద తగాదాలు తీరేవి. గడప తొక్కినవాళ్ళు తినకుండా వెళ్ళేవాళ్ళు కారు. నాన్న కాలంలో పొలాలు పోయాయి, నా కాలంలో ఇల్లు పోయింది. ఇప్పుడు దాంట్లో ఎవరో టైల్సు నిలవ చేసుకుంటున్నారు. దాని గురించి నేను ఎవరి దగ్గరా వాపోలేదు, ఇక్కడా వాపోను. నన్ను లోపల గుచ్చింది వేరొకటి. నేను చేసిన ప్రతి ఉద్యోగమూ తాత పేరు మీద వచ్చిందే. బియ్యం మిల్లులో గుమాస్తా పని, ఆ తర్వాత టోకు కొట్టులో పని, చివరికి ఈ కంపెనీలో కూడా, "పెద్దింటి మనిషి, నమ్మకస్తుడు" అని ఎవరో ఒకరు చెబితే ఇచ్చినవే. యాభై దాటాక, ఒక్క పనయినా నేనుగా సంపాదించుకోవాలని పట్టుదల పుట్టింది. రామకుప్పంలో మా తాత ఎవరో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని పరీక్ష తెరిచాను. నా భార్య పక్కనే చాప మీద నానబెట్టిన అనపగింజలకు తొక్క ఊడేట్టు పితుకుతోంది. ప్రశ్నల తెలుగు కోర్టు కాగితంలా బిగుసుకుని ఉంది. 'విందులో మీరు గుమ్మం వద్ద నిలబడే వ్యక్తా, నలుగురి మధ్య నిలబడే వ్యక్తా?' మా ఇంటివాళ్ళు విందు పెట్టేవాళ్ళు, గుమ్మం దగ్గర ఎందుకు నిలబడతారు? నలుగురి మధ్య అని నొక్కాను. 'గుంపు ముందు మాట్లాడవలసి వస్తే మీకు బెదురు కలుగుతుందా?' బెదురు అనే మాట మా ఇంట్లో ఎద్దులకు తప్ప మనుషులకు వాడగా నేను వినలేదు. కలగదు. 'నిర్ణయం తీసుకునే ముందు ఇతరుల మాట వింటారా?' తాత ఎవరినీ అడిగేవాడు కాదు, లేచి నిలబడి చెప్పేవాడు. వినను. 'ఒంటరిగా గడిపితే మీకు సేద తీరుతుందా?' మా వైపు ఒంటరివాడంటే దిక్కులేనివాడు. తీరదు.

"ఏంది, అంత రోషంగా నొక్కతాండారు? ఎవరితోనన్నా తగువా?" అంది నా భార్య.

"నేను ఎట్లాంటి మనిషినో చెప్పమంటాండారు."

"నన్నడిగింటే ఒక్క మాటలో చెప్పేదాన్ని గదా. దానికి ఫోను యాల?"

"ఏమని చెప్తావు?"

"ఇప్పుడు చెప్తే మీరు అన్నం తినరు. కానీండి, నొక్కండి."

అబద్ధం చెబుతున్నానని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. నువ్వెవరు అని అడిగితే ఎవరి మనవణ్ణో చెప్పడమే నాకు చిన్నప్పటి నుంచీ నేర్పిన జవాబు. అందుకే ఒక్క ప్రశ్న దగ్గర కూడా తడుముకోలేదు. చివరి జవాబు నొక్కగానే తెర మీద రంగులు తిరిగి నా రకం వచ్చింది: 'నడిపించేవారు'. దాని కింద నాలుగు వాక్యాలు. ఒకటి పైకి చదివాను. "'మీరు నిలబడితే చాలు, మనుషులు కదులుతారు.'"

"కదులుతారు, కదులుతారు. ఎటు కదులుతారో సూడాల," అంది నా భార్య, గింజలు నీళ్ళలో పోస్తూ.

ఆఫీసులో ఆ రకం నా ఒక్కడికే వచ్చింది. మేనేజరమ్మ నన్ను పిలిచి రామకుప్పం కేంద్రం అప్పగించింది. మూడు నెలల గడువు. ఆలోగా చుట్టుపక్కల రైతులు చాలినంతమంది మాకు సరుకు వేస్తే పని నాకు ఖాయం, లేకపోతే కేంద్రం మరొకరికి, నేను మళ్ళీ లెక్కలకి. కుప్పంలో ఒక గది తీసుకున్నాను. బస్సెక్కే ముందు మా ఆఫీసు మెట్ల మీద నిలబడి, ఇది నాది అనుకున్నాను. ఎవరూ చెప్పి ఇప్పించింది కాదు.

మొదటి మీటింగు పాలు పోసే రేకుల షెడ్డులో పెట్టాను. ఆ వైపు మీటింగంటే మధ్యాహ్నమే పెట్టాలి. రాత్రంతా అడవిలోంచి ఏనుగులు దిగకుండా మంచెల మీద కాపలా ఉండి, పొద్దున పడుకుని లేచి వస్తారు. కళ్ళు ఎర్రగా, తలపాగాలు సగం జారి, షెడ్డు నిండా కూర్చున్నారు. నేను ముందు నిలబడ్డాను. వీపు నిటారుగా, చేతులు వెనక్కి. గదిలో చదువుకుని వచ్చిన మాటలు ఒక్కటొక్కటే చెప్పాను. నోరు ఎండిపోయింది. మధ్యలో ఆగి నీళ్ళు తాగితే చులకన అవుతానని తాగలేదు.

ముందు వరసలో కూర్చున్న ఒకామె, తలమీద తువ్వాలు సర్దుకుంటూ లేచింది. "ఏమప్పా, నువ్వు బీన్సు కొనను వచ్చినావా, మాకు తీర్పు చెప్పను వచ్చినావా?"

షెడ్డంతా నవ్వింది. వెనక నుంచి ఒకడు, "లేసి నిలబడల్లా ఏమో అడుగక్కా. కూసున్నామని ఆయప్పకు కోపమొచ్చినట్టుండాది," అన్నాడు.

ఎగతాళికి బదులు చెప్పడం మా ఇంట్లో లేదు. అట్లాగే నిలబడ్డాను. వాళ్ళు కాసేపు నా వైపు చూసి, ఒకరి వెనక ఒకరు లేచి వెళ్ళిపోయారు. ఫోనులో చదివిన మాట నిజమైంది. నేను నిలబడ్డాను, మనుషులు కదిలారు.

తర్వాతి మీటింగుకు సగం మంది కూడా రాలేదు. ఆ పైదానికి షెడ్డు తాళాలు తీసే అతనూ నేనూ. తెల్లవారుజామున మా బండి వచ్చి కేంద్రం ముందు నిలబడేది. ఖాళీ క్రేట్లు దించి, ఖాళీ క్రేట్లే ఎక్కించుకుని పోయేది. మేనేజరమ్మ ఫోన్ చేసింది. "సార్, మీది లీడర్ టైపు కదా, అంత బాగా వచ్చిందే. ఇంకొంచెం ఎనర్జీ చూపించండి సార్." చూపించాలని గదిలో అద్దం ముందు నిలబడి గట్టిగా మాట్లాడటం అభ్యాసం చేశాను. పక్క గదిలో ఉండే కాలేజీ పిల్లలు గోడ కొట్టారు.

గడువులో సగానికి పైగా అయిపోయిన సమయంలో మా ఊరి గంగమ్మ జాతర వచ్చింది. వెళ్ళక తప్పదు. జాతరలో తొలి తాంబూలం పెద్దింటికి ఇస్తారు. ఇల్లు పోయినా ఆ మర్యాద పోలేదు. పూజారి తాంబూలం నా చేతుల్లో పెడతాడు. డప్పు పలకలు ఆగుతాయి. దీపాలెత్తుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఊరంతా, నా నోటి వైపు చూస్తారు. నేను "కానీండి" అనాలి. అంటేనే దీపాలు కదులుతాయి. ఏడాదికి ఒక్క మాట. నాన్న పోయిన తర్వాత మొదటిసారి నేను నిలబడ్డప్పుడు ఆ మాట రాలేదు. పలకలు ఆగిన నిశ్శబ్దంలో చాలాసేపు అట్లాగే నిలబడిపోయాను. చివరికి ఎట్లాగో వచ్చింది. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దాయన అన్నాడు, "అంతా తాత మాదిరే. జనాన్ని ఎట్ల నిలబెట్టినాడో సూడు!" ఆ మాట ఊరు నమ్మింది. ఊరితో పాటు నేనూ నమ్మాను.

ఈసారి తాంబూలం చేతుల్లోకి వచ్చినప్పుడు నేను జనాన్ని చూడలేదు, తమలపాకులను చూశాను. వాటి అంచులు వణుకుతున్నాయి. గాలి లేదు. నోరు ఎండిపోయింది, అచ్చం రేకుల షెడ్డులో ఎండినట్టే. నాలుక అదే చోట అంటుకుంది, వీపు అదే విధంగా నిటారుగా బిగిసింది. అక్కడి వాళ్ళు దాన్ని పొగరనుకున్నారు, ఇక్కడి వాళ్ళు హుందాతనం అనుకుంటున్నారు. నేను ముప్పై ఏళ్ళ పైగా దాన్ని మా వంశం అనుకున్నాను. అది భయం. వట్టి భయం.

"కానీండి" అన్నాను. దీపాలు కదిలాయి.

మరునాడు పుంగనూరు బస్టాండులో, మదనపల్లె బస్సు కోసం కూర్చున్నప్పుడు నా భార్యను అడిగాను. "ఆ పొద్దు ఒక్క మాటలో చెప్తానంటివే. ఇప్పుడు చెప్పు."

ఆమె నా ముఖం ఒకసారి చూసింది. "అన్నం తిన్నారు గదా, చెప్తా. మీకు జనమంటే బయం. మన పెండ్లిలో అందరూ పెద్దింటి బింకం అనుకుంటా ఉండిరి. తాళి కట్టేటప్పుడు మీ చేతులు నేను సూస్తిని గదా."

"ఇన్నేండ్లూ యాల చెప్పలేదు?"

"మీరు అడిగిందెప్పుడు? అయినా అది చెడ్డగుణమని నాకెప్పుడూ అనిపించలే. నలుగురిలో కొయ్యబారిపోతారు గానీ, ఒక్కరితో కూసున్నారంటే వాళ్ళు చెప్పేదంతా వింటారు. మా నాయన నిమ్మనపల్లె నుంచి బస్సెక్కి వచ్చేది నన్ను సూసేదానికనుకున్నారా? మీతో మాట్లాడేదానికి."

ఫోను తీసి ఆ పరీక్ష మళ్ళీ తెరిచాను. ఈసారి తాతను బస్టాండు బయటే నిలబెట్టాను. విందులో నేను నలుగురి మధ్యా ఉండను, గుమ్మం దగ్గరా ఉండను. వంటపందిరి వెనక, నీళ్ళ డ్రమ్ము పక్కన, ఎవరో ఒక్కరితో మాట్లాడుతూ ఉంటాను. ఆ జవాబు వాళ్ళ దగ్గర లేదు, దానికి దగ్గరగా ఉన్నది నొక్కాను. ఒంటరిగా గడిపితే సేద తీరుతుందా? బండి వెళ్ళాక కేంద్రంలో తూకం కాటా దగ్గర ఒక్కణ్ణే ఖాళీ క్రేట్లు సర్దుకునేటప్పుడు నాకు ఉండే నెమ్మది గుర్తొచ్చింది. తీరుతుంది. ఇతరుల మాట వింటారా? వింటాను. గుంపు ముందు బెదురు కలుగుతుందా? దీని దగ్గర వేలు చాలాసేపు ఆగింది. ఊరి ముందు తాంబూలం పట్టుకుని నిలబడటం కంటే ఆ ఒక్క మాట మీద వేలు పెట్టడం కష్టమైంది. కలుగుతుంది, అని నొక్కాను.

రంగులు తిరిగి ఆగాయి. 'ఆలకించేవారు.'

"ఇప్పుడు నిజం చెప్పినాది," అంది నా భార్య, మెడ చాచి చూసి.

నాకు సంతోషం కలగలేదు. రామకుప్పం పని నాకు ఇచ్చింది మొదటి జవాబులను చూసి. అంటే ఆ పని కూడా తాతే ఇప్పించాడు. జీవితంలో ఇది నాది అనుకుని బస్సెక్కిన ఒక్కటీ నాది కాదు. వదిలేసి వచ్చేద్దామన్న ఆలోచన మదనపల్లె బస్సు వచ్చేదాకా ఉంది. బస్సులో కూర్చున్నాక పోయింది. తాత సంపాదించి పెట్టినవి ఎన్నో నా చేతుల్లోంచి పోయాయి. ఇది పోనివ్వను. ఇచ్చినవాడు ఎవరైనా, నిలబెట్టుకున్నది నేనైతే అది నాదే.

నేరుగా ఆఫీసుకు వెళ్ళి మేనేజరమ్మకు ఫోను చూపించాను. మొదటిసారి మా ఇంటి తరఫున జవాబులు ఇచ్చాననీ, ఇవి నావనీ చెప్పాను. ఆమె ఫోను తీసుకుని కింది దాకా చదివింది.

"సార్, ఈ టైపు వాళ్ళకు సెంటర్ ఇమ్మని రూల్సులో లేదే."

"లేకపోతే లేదమ్మా. గడువు ఇంకా ఉంది. అందాకా కేంద్రం నా దగ్గరుంటుంది. ఇకమీదట మీటింగులు మాత్రం పెట్టను."

"మీటింగు పెట్టకుంటే రైతులు యాడ నుంచి వస్తారు సార్?"

"నేనే పోతాను. ఒక్కొక్కరి దగ్గరికి."

"ఒక్కొక్కరి దగ్గరికంటే ఎప్పటికి తెమిలేది సార్ అది?"

"తెమిలినంత తెములుతుంది. ఆ తర్వాత మీరు ఏం చేసినా సరే."

ఆమె నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేనట్టు పెన్ను మూత తీసి పెట్టింది. "సరే సార్. మీ ఇష్టం," అంది.

రామకుప్పంలో మొట్టమొదట వెళ్ళింది నన్ను ఎగతాళి చేసిన ఆమె తోటకే. మధ్యాహ్నం, మోపెడ్డు గట్టు కింద ఆపి నడిచి వెళ్ళాను. బీన్సు తీగలు కర్రలకు కడుతోంది.

"మళ్ళీ వచ్చినావా అప్పా? ఈసారి నిలబడతావా, కూసుంటావా?"

"కూర్చుంటానమ్మా."

"కూసో మల్ల. గట్టు మీద ఎర్రచీమలుంటాయి, సూసి కూసో."

కూర్చున్నాను. మాకు సరుకు ఎందుకు వేయడం లేదని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నాను. ఆమె ఇంకో తీగ అందుకుంది. నేను మళ్ళీ అడగలేదు. తీగలు కడుతూనే ఉంది. ఒక సాలు అయిపోయాక, నా వైపు తిరగకుండానే మొదలుపెట్టింది.

"మీ బండి తెల్లారకముందే వస్తాది. ఆ పొద్దుకు మా ఆయన మంచె దిగి ఇంటికి వస్తాడు, కండ్లు మూతలు పడతాంటాయి. ఎవరు కోస్తారు, ఎవరు మోస్తారు?"

"ఈ మాట ఆ రోజు మీటింగులో చెప్పి ఉండొచ్చు కదమ్మా?"

"నలుగురిలోనా? పోయినేడు మా ఆయన మంచె మీద నిద్రపోయినాడు. ఏనుగులొచ్చి తోటంతా తొక్కేసినాయి. పురుగు కొట్టినాది, అందుకే పెరికేస్తిమని ఊరికి చెప్తిమి. నిద్ర చాలలేదని ఆ షెడ్డులో నోరు తెరిస్తే ఆయప్ప తలెత్తుకోగలడా? నీకు చెప్పినానని కూడా ఆయప్పకు తెలియగూడదు."

ఆ తర్వాత ఎన్నో గట్ల మీద కూర్చున్నాను. అంత బాహాటంగా ఎవరూ చెప్పలేదు గానీ, తిరిగి తిరిగి అందరూ అక్కడికే వచ్చారు. ప్రతి ఇంట్లోనూ అలసట ఉంది, ప్రతి మగవాడూ పక్కవాడి ముందు అది లేనట్టే తిరుగుతున్నాడు. ఆ బింకం నాకు కొత్త కాదు. దాన్ని నలుగురిలో విప్పమని అడగకూడదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మేనేజరమ్మకు ఫోన్ చేసి, బండి ఎండెక్కాక రావాలన్నాను. బెంగుళూరుకు ఆలస్యమవుతుందంది. డ్రైవరు ఒప్పుకోడంది. కారణం అడిగింది.

"కారణం ఉందమ్మా. ఎవరు చెప్పారో మాత్రం చెప్పను. బండి ఎండెక్కాకే రావాలి."

అని ఊరుకున్నాను. బతిమాలలేదు, గొంతు పెంచలేదు. అక్కడ తాత నాకు పనికొచ్చాడు. ఆయన నుంచి నాకు దిగినవన్నీ అరువు కావు. చెప్పిన మాట మీద నిలబడటం నా ఎముకల్లోనే ఉంది. ఆమె బెంగుళూరు సంగతీ డ్రైవరు సంగతీ మరోసారి చెప్పి చూసింది. "ఒక వారం చూద్దాం సార్," అంది చివరికి.

ఆ వారంలో క్రేట్లు నిండటం మొదలయింది. మొదట ఆ తోట ఆమె తెచ్చింది. తర్వాత ఆమె మరిది, తర్వాత వాళ్ళ వీధి. మీటింగుల్లో నా వంక చూడనివాళ్ళు కాటా దగ్గర నాతో కూతురి చదువు గురించీ, బోరులో నీళ్ళు తగ్గడం గురించీ చెప్పుకున్నారు. నేను విన్నాను. రాత్రి గదికి వచ్చేసరికి ఒళ్ళు అలిసిపోయేది, మనసు కాదు.

గడువు ముగిసే రోజుల్లో మేనేజరమ్మ స్వయంగా వచ్చింది. ఎండెక్కింది. కేంద్రం ముందు వాకిలి నిండా మనుషులు, క్రేట్లు. ఆమె అంతా తిరిగి చూసి, నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"ఇంతమంది వచ్చినారు కదా సార్, రెండు మాటలు మాట్లాడండి."

కాటా దగ్గర వరసలో ముందున్నది ఆ తోట ఆమే. ఆమె చెవిన పడింది. "ఆయప్పను యాల నిలబెడతావమ్మా? మాట్లాడినాడంటే మేమంతా ఇండ్లకు పోతాం, సూసుకో."

అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. మేనేజరమ్మ నా నవ్వు మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"సెంటర్ మీదే సార్," అంది తర్వాత, లోపల బెంచీ మీద కూర్చుని. "పైకి పంపే రిపోర్టులో మీ టైపు మాత్రం మార్చాల. వాళ్ళు అడుగుతారు, ఈ టైపుకు ఎందుకిచ్చినారని."

"మార్చండి. అడిగితే వచ్చి చూడమనండి."

బయటికి వచ్చాను. తూకం ఇంకా మొదలవలేదు. తోట ఆమె మొదటి క్రేటు కాటా మీద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు చూసింది. ఆమె వెనక వాళ్ళూ చూశారు. నోరు కొద్దిగా ఎండింది. ఆ భయం ఎప్పటికీ పోదని ఇప్పుడు నాకు తెలుసు, పోవాలని కోరుకోవడం కూడా మానేశాను.

"కానీండి," అన్నాను. గట్టిగా కాదు, ముందున్న ఆమెకు వినపడేటంత. ఆమె వెనక్కి తిరిగి వరసలోని వాళ్ళకు చెప్పింది.